విద్యార్థుల కత్తిసాము సంఘమునకు ధనము కూర్చుట



గడచిన వేసవి సెలవులలో మాకొక జాబు వచ్చెను. మన పాఠశాలలో చదువు ముగించి, ఇప్పుడు హైదరాబాదులో నొక కళాశాలయందు చదువుచున్న పూర్వవిద్యార్థి దానిని వ్రాసెను. అతడును అతని స్నేహితులును కలిసి అచ్చట ఫెన్సింగు సంఘ మొకటి నెలకొల్పిరట. సంఘమును నడుపువారు విద్యార్థులే. కళాశాలవారు ఆడుకొనుటకు గది నిచ్చిరి గాని ధనము నిచ్చుటకు వారికి వీలుపడలేదు. సభ్యులు పదునెనిమిదిమంది, ముఖకవచములు మూడు. "పంతులుగారూ, ఇద్దరు ఆడుచుండగా తక్కిన పదునార్గురము గోడ కానుకొని చూచుచున్నాము. మాకు ధనమెవ రిత్తురు? ఎట్లడుగవలెను? అడుగుటకు సిగ్గుగా నున్నది" అని అతడు వ్రాసెను.

ఆ జాబునకు మేము వ్రాసిన ప్రత్యుత్తరమునే కొంత పెంచి ఈ సంచికలో పాఠముగా నిచ్చుచున్నాము. పెద్ద కొడప్‌గల్‌లో చదువు ముగించి బాన్సువాడకో, నిజామాబాదుకో, హైదరాబాదుకో పోవు మీలో ననేకులు ఇట్టి సంఘములలో చేరుదురు. కొందరు వానిని నడుపుదురు. అది కత్తిసాము సంఘము కావచ్చును, కబడ్డీ సంఘము కావచ్చును, పుస్తక భాండారము కావచ్చును. ధనము కూర్చు నియమములు అన్నిటికి నొక్కటే. తలిదండ్రులును దీనిని చదువవలెనని కోరుచున్నాము. ఏలయన, పిల్లలు మొట్టమొదట చేయి చాచునది వారియొద్దనే గదా.

1. ఈ ఆట యెట్టిది?

మన పల్లెలలో కర్రసాము నెఱిగిన పెద్దలు ఇప్పటికిని అచ్చటచ్చట నున్నారు. ఫెన్సింగనునది నియమములతో గూడిన కత్తిసాము. దీనియందు మూడు విధములైన కత్తులు కలవు. ఫాయిల్ అనునది 500 గ్రాములకు మించని తేలికైన కత్తి. దాని మొనతో ప్రత్యర్థి మొండెమును మాత్రమే తాకవలెను. ఎపే అనునది 770 గ్రాములవఱకు బరువుండవచ్చును. దాని మొనతో దేహమునం దెచ్చట తాకినను లెక్కకు వచ్చును. సేబర్ అను మూడవ కత్తితో పొడుచుటయేగాక కోయునట్లు వ్రేయుటయు గలదు; దానికి నడుమునకు పైభాగమే గుఱి. ఆట స్థలము 14 మీటర్ల పొడవును, ఒకటిన్నర మొదలు రెండు మీటర్ల వెడల్పును గల సన్నని బాట. తాకిడి తగిలినప్పుడు విద్యుత్తుచే దీపము వెలుగును. ఆ దీపమును, నియమమును చూచి న్యాయనిర్ణేత తీర్పు చెప్పును.

నవీన ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్సునందు ఆరంభమైనప్పటినుండి ఒక్క పర్యాయమైనను విడువక జరుగుచున్న కొలది యాటలలో నిది యొకటి. దీని అంతర్జాతీయ సమాఖ్య 1913లో పారిసునందు స్థాపింపబడెను. మన దేశమున భారత ఫెన్సింగు సంఘము 1974లో నేర్పడినది. కావున ప్రపంచమున పాతదైనను మనకిది క్రొత్త యాటయే. క్రొత్త యాట యగుటచేతనే పరికరములు ఊరూర దొరకవు, మంచి యలుగులు పెక్కు విదేశములనుండి రావలెను, అందుచే ఖర్చధికము.

2. మొదటి రూపాయి దేనికి?

ధనమడుగుటకు బూర్వము, అది దేనికో మనకు స్పష్టముగా దెలిసియుండవలెను. కత్తియే మొదట కొనవలెనని పిల్లలనుకొందురు. అది పొరపాటు. మొదట కొనవలసినది ముఖకవచము.

దీనికొక దుఃఖకరమైన నిదర్శనము కలదు. 1982లో రోము నగరమున జరిగిన ప్రపంచపోటీలలో, 1980 మాస్కో ఒలింపిక్ క్రీడలయందు స్వర్ణపతకము గెలిచిన సోవియట్ వీరుడు వ్లదీమిర్ స్మిర్నోవ్ ఆడుచుండగా, ప్రత్యర్థి కత్తి విఱిగి, విఱిగిన యలుగు అతని ముఖకవచపు జల్లెడను చీల్చుకొని లోనికి దిగెను. కొద్దిదినములకే అతడు మరణించెను. ప్రత్యర్థి తప్పేమియు లేదు. విఱిగిన ఉక్కుకు కన్నులు లేవు. ఆ దుర్ఘటన తరువాతనే ముఖకవచములు, వస్త్రములు, అలుగుల లోహము వీని నియమములు మిక్కిలి కఠినము చేయబడినవి. ఇప్పుడు ఆటగాండ్ర దుస్తులకు ఎంత బలమైన పోటునకు ఓర్చుకొనునో తెలుపు గుర్తులుండును. సామాన్యముగా 350 న్యూటన్ల బలమునకు ఓర్చు దుస్తులు అభ్యాసమునకును, 800 న్యూటన్లకు ఓర్చునవి పెద్ద పోటీలకును వాడుదురు. ముఖకవచము, పైయంగీ, అంగీక్రింద కత్తిపట్టు చేతివైపు చంకను కాపాడు లోచొక్కా, చేతితొడుగు, బాలికలకు వక్షఃకవచము - ఇవి లేక ఎవ్వరును కత్తికెదురుగా నిలువరాదు.

కావున ధనసంచిలో బడిన మొదటి రూపాయి రక్షణకు పోవలెను. రెండవ రూపాయి కత్తికి. దీపము వెలిగించు విద్యుద్యంత్రము మూడవది. సంఘము పేరు కుట్టించిన చొక్కాలు కడపటివి. అసలు లేకున్నను లోటులేదు. తక్కువధరకు వచ్చినదని త్రుప్పుపట్టిన పాత ముఖకవచమును కొనుట ఆదా కాదు.

3. వెదురుకఱ్ఱతో నేర్చుకొన్న తెలుగు బిడ్డ

ధనములేమి ఈ యాటలో నేమి చేయునో, ఒకరి చేయూత యేమి చేయునో చూపుటకు భవానీదేవి చరిత్రముకంటె మంచి నిదర్శనము మాకు దొరకలేదు.

ఆమె 1993 ఆగస్టు 27వ తేదీన చెన్నైలో నొక తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి పురోహితుడు, తల్లి గృహిణి. 2004లో, బడిలో నేదో యొక ఆట నెన్నుకొనవలసి రాగా, తక్కిన ఆటలయందు స్థలములు నిండిపోయెను, మిగిలినది ఫెన్సింగు. చేర్చుకొనునప్పుడు తండ్రి వార్షికాదాయ మెంతయని అడిగిరనియు, ఇది ఖర్చుతో గూడిన ఆట, బీదలకు సాగదని చెప్పిరనియు, అప్పుడు తాను ఆదాయమును హెచ్చించి అబద్ధము చెప్పవలసివచ్చెననియు ఆమెయే తరువాత వెల్లడించినది. కత్తులు విఱిగినచో మరల కొనుట కష్టమగుటచే అభ్యాసము వెదురుకఱ్ఱలతో జేసి, అసలు కత్తులను పోటీలకు మాత్రమే వెలికి దీసెడివారట. ప్రయాణములకు తల్లి నగలు తాకట్టుపెట్టి అప్పులు చేసెను.

తరువాత సహాయములు ఒకటొకటిగా వచ్చినవి. 2014లో ఆసియా ఇరువదిమూడేండ్లలోపువారి పోటీలలో ఆమె రజతపతకము గెలిచెను. 2015లో గోస్పోర్ట్స్ ఫౌండేషన్ వారు రాహుల్ ద్రావిడ్ పేర నడుపు సహాయ పథకమునకు ఆమెను ఎన్నుకొనిరి. అటుపిమ్మట ఇటలీదేశమున నికోలా జనోట్టి అను శిక్షకునియొద్ద నేర్చుకొనెను. ఒలింపిక్ క్రీడలకు అర్హత గడించిన మొదటి భారతీయ కత్తిసాము క్రీడాకారిణి ఆమెయే. 2021 జూలై 26న టోక్యోలో ట్యునీసియా దేశపు నాదియా బెన్ అజీజీని 15-3 తో గెలిచి, రెండవ పందెమున ఫ్రాన్సు దేశపు మానోన్ బ్రూనే చేతిలో 7-15 తో నోడెను. 2023లో చైనాలోని వూషీ నగరమున ఆసియా పోటీలలో కాంస్యపతకము సాధించెను.

ఇంకొక విషయము కూడ చెప్పవలెను. టోక్యోనుండి వచ్చినపిమ్మట ఆమె సంతకముచేసిన కత్తి ప్రధానమంత్రికి కానుకగా నొసగబడెను. ప్రధానమంత్రికి వచ్చిన కానుకలను 2021లో వేలము వేసినప్పుడు ఆ కత్తి 1 కోటి 25 లక్షల రూపాయలకు పోయినది. ఆ ధనము గంగానదీ శుద్ధి కార్యమునకు ఉద్దేశింపబడినది. కత్తి విఱుగునేమోయను భయమున వెదురుకఱ్ఱ పట్టిన చేతినుండి వచ్చిన కత్తియే కోటి రూపాయలను మించెను! జనులు ఇనుమునకు వెలకట్టలేదు. దాని వెనుకనున్న శ్రమకు వెలకట్టిరి. దాతలయొద్దకు పోవునప్పుడు ఇది జ్ఞాపక ముంచుకొనవలెను. మీ శ్రమ కనబడినచో ఇచ్చువారుందురు.

అయితే ఈ కథలో మా మనస్సును మిక్కిలి నొప్పించినది పదియేండ్ల బాలిక తండ్రి ఆదాయమును గూర్చి బొంకవలసివచ్చుట. ఆ బాలిక అట్లు చెప్పకున్నచో ఏమగును? గోడ కానుకొని చూచువారిలో నొకతెయై యుండును. అట్లు నిలిచిపోయిన పిల్లలెందఱో వారి పేర్లు ఎవ్వరికిని తెలియవు. విద్యార్థుల సంఘము ధనము కూర్చుకొనుట పతకములకొఱకు గాదు, "మీ నాయన కెంత వచ్చును?" అను ప్రశ్న తన గడపలో నెవ్వరును ఎవ్వరినిని అడుగకుండుటకొఱకు. ఈ పాఠమంతటికి ఇదియే సారము.

4. ధనము లేకయే చేయదగినవి

ధనము వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఫెన్సింగులో సగము పాదములయందున్నది. కత్తి పట్టి నిలుచు తీరు, ముందడుగు, వెనుకడుగు, మోకాలు వంచి దూరముగా సాగి పొడుచుట - వీనిని నేర్చుటకు చదునైన నేల చాలును. సున్నముతో 14 మీటర్ల బాట గీచుకొనవచ్చును. గోడకు పాత పరుపుముక్క వ్రేలాడదీసి, దానిపై గుండ్రముగా గుఱి గీచి, ఒంటరిగా మొన నిలుపుట నభ్యసింపవచ్చును. కత్తులు నిలుపు చట్టమును వడ్రంగి చేయగలడు. సంచులను దర్జీ కుట్టగలడు.

మూడు నెలలు ఇట్లు క్రమముగా నభ్యసించి, ప్రతిదినము హాజరుపట్టిక వ్రాసిన సంఘము దాతయెదుట నిలిచినప్పుడు దాని మాటకు బరువుండును. "మేము ప్రారంభింపదలచితిమి" అనుటకును, "మేము ప్రారంభించితిమి, ఇచ్చట ఆగిపోతిమి" అనుటకును ఎంతయో భేదమున్నది.

5. లెక్క వేయుట

ఇప్పుడు గణితము. ఒక సంఘమున 24 మంది సభ్యులున్నారనుకొనుడు. ఒక్కొక్కరికి కావలసిన పరికరముల జత 10,000 రూపాయలనుకొందము. (లెక్క సులభమగుటకే ఈ మొత్తము తీసికొంటిమి, నిజమైన ధర వర్తకులు వ్రాసియిచ్చు ధరపట్టికవలననే తెలియవలెను, ఇద్దరు ముగ్గురియొద్ద పట్టికలు తెప్పించి పోల్చవలెను.) అందరికిని వేఱువేఱుగా కొన్నచో 2,40,000 రూపాయలగును. కాని యందఱు నొక్కమారు ఆడరు. నలుగురు జోడీలుగా, అనగా ఎనిమిదిమంది యొక్క వరుసగా ఆడినచో మూడు వరుసలగును. ఎనిమిది జతలు చాలును, 80,000 రూపాయలు. ఒకరు విడిచినది మఱియొకరు తొడుగుకొనవలెను గనుక నానావిధములైన కొలతలలో కొనవలెను. లోచొక్కాలు, తొడుగులు తఱచుగా నుతికి యారవేయవలెను. ఎడమచేతివాటము గల పిల్లలకు తొడుగును, అంగీయును వేఱుగా నుండును, వారిని మరువరాదు.

అలుగులు విఱుగును, తీగెలు తెగును. దానికై 80,000 లో నాలుగవవంతు, 20,000 రూపాయలు, విడిగా నిలువయుంచవలెను. మొత్తము 1,00,000.

ఇందులో మొదటి భాగము సభ్యులదే. ఒక్కొక్కరు నెలకు 50 రూపాయల చొప్పున పది నెలలు చందా కట్టినచో 12,000 రూపాయలు వచ్చును. కట్టలేనివారుందురు. వారి పేర్లు కోశాధికారికిని, సలహాదారైన ఉపాధ్యాయునికిని దక్క నితరులకు తెలియరాదు. వారు చందాకు బదులు ఉతుకుటయో, బాట గీచుటయో చేయవలెనని నియమించుటయు తగదు. అట్లు నియమించినచో అందఱకును తెలిసిపోవును. పనులు అందఱును వంతులవారీగా చేయవలసినవే.

మిగిలినది 88,000. ఒక్కొక్క దాత 200 రూపాయ లిచ్చినచో 440 మంది దాతలు కావలెను. 24 మంది సభ్యులు పంచుకొన్నచో ఒక్కొక్కరికి సుమారు పందొమ్మిదిమంది. అడిగినవారిలో సగముమందియే ఇత్తురనుకొన్నను, ఒక్కొక్కరు ముప్పదియెనిమిది గడపలు తొక్కిన చాలును. లక్ష రూపాయలనగానే భయపడిన పిల్లవాడు ముప్పదియెనిమిది గడపలనగా భయపడడు. పెద్ద మొత్తమును చిన్న పనులుగా విభజించుటయే లెక్కవలన ప్రయోజనము.

6. ఎవరిని, ఎప్పుడు, ఎట్లడుగవలెను?

ధన మడుగుటకు కాలమున్నది. మన పరిసరములలో సోయా, పెసర, మినుము, కంది పండించు రైతులు హెచ్చు. జూన్ మాసమున విత్తనములకై తానే అప్పు వెదకుకొను రైతునొద్దకు పోయి చేయి చాచుట క్రూరము. సోయా కోతలై, ధాన్యము అమ్ముడై, చేతిలో నాలుగు రూపాయలు నిలిచినప్పుడు అడిగినచో సంతోషముతో నిచ్చును. పట్టణమున జీతగాండ్రనైనచో నెల మొదటివారమున అడుగవలెను.

భాషయు చూచుకొనవలెను. మహారాష్ట్ర, కర్ణాటకములు మనకు దగ్గఱ. మన సంతలలో తెలుగుతోబాటు మరాఠీయు, కన్నడమును వినబడును. విన్నపపత్రము దాత యింటిభాషలో నున్నచో అతడు దానిని తానే చదువుకొనును. పత్రము ఒక పుట మించరాదు. అందు నాలుగు సంగతులుండవలెను: మేమెవరము, ఇంతవఱకు మేమేమి చేసితిమి, ఏ వస్తువునకు ఎంత కావలెను, లెక్క ఎప్పుడు, ఎచ్చట చూపుదుము. "మీ శక్తికొలది సహాయము చేయుడు" అనుటకంటె, "మీరిచ్చు మొత్తము ఒక చేతితొడుగునకు సరిపోవును" అనుట మేలు.

ప్రదర్శన మంచి సాధనము. కళాశాల వార్షికోత్సవమునందు అరగంట సేపు ఆడి చూపవలెను. అయితే ఈ యాట మిక్కిలి వేగము గలది. చూచువారికి అర్థము కాదు. కావున ఒక సభ్యుడు ప్రక్కన నిలిచి, ఎవరు దాడి చేసిరో, దీపమేల వెలిగెనో ప్రతి తాకిడికిని చెప్పవలెను. అర్థమైన ఆటకే జనులు ధనమిత్తురు.

పెద్ద సంస్థలను గూర్చియు చెప్పెదము. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, 500 కోట్ల రూపాయల నికరవిలువ గాని, 1,000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికరలాభము గాని గల కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహిత కార్యములకు వినియోగింపవలెను. ఆ కార్యముల పట్టికలో గ్రామీణ క్రీడలకును, ఒలింపిక్ క్రీడలకును శిక్షణ నిచ్చుట చేర్చబడియున్నది. ఫెన్సింగు ఒలింపిక్ క్రీడయే. అయితే అట్టి ధనము సామాన్యముగా నమోదైన సంస్థలద్వారా వచ్చునుగాని, పదునెనిమిదిమంది విద్యార్థుల చేతికి నేరుగా రాదు. కావున కళాశాల పెద్దలద్వారా పోవలెను. ఓపికయు, కాగితములును కావలెను.

దాత యే మతస్థుడు, ఏ కులస్థుడని చూడకుడు. మన ప్రాంతమున దీనికొక గొప్ప నిదర్శనమున్నది. డిచ్‌పల్లిలో 1915లో వెలసిన కుష్ఠరోగుల ఆసుపత్రికి స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కర్ గారి శ్రమ యొక ఆధారమైనచో, హిందువైన రాజా నర్సాగౌడు గారి దానము మఱియొక ఆధారము. ఆమె అడిగినది రోగులకొఱకు. ఆయన ఇచ్చినదియు రోగులకొఱకే. నడుమ వేఱు ప్రశ్నలు లేకుండెను. అడుగువాడు తనకొఱకు అడుగనంతకాలము సిగ్గుపడనక్కఱలేదు. మా పూర్వవిద్యార్థి సిగ్గునకు మే మిచ్చిన ప్రత్యుత్తరమిదియే.

7. లెక్క చూపుట

ఇప్పుడు మా తప్పొకటి చెప్పుకొందుము. చాల యేండ్లక్రిందట, వేఱొక యూర పనిచేయుచున్నప్పుడు, పిల్లలకు వాలీబాలు వల, బంతులు కొనుటకై మేము చందాలు వసూలు చేసితిమి. ఉత్సాహ మధికము, రసీదు పుస్తకము లేదు. వచ్చిన నోట్లను బల్లసొరుగులో నుంచితిమి. వ్రాసినవి కొన్ని, మఱచినవి కొన్ని. కడపట కూడి చూడగా 340 రూపాయలు తక్కువయ్యెను. ఎవరు తీసికొనిరో, లేక మేమే కూడుటలో తప్పితిమో ఇప్పటికిని తెలియదు. ఆ మొత్తమును మా జీతమునుండి వేసితిమి, వల వచ్చెను, బంతులు వచ్చెను, సంగతి ముగిసెననుకొంటిమి.

కొన్ని నెలలకు ఒక రైతు బడికి వచ్చి, "అయ్యా, నేనిచ్చిన యాభై రూపాయలతో నేమి వచ్చినది?" అని అడిగెను. ఆయన నిందింపలేదు, తెలిసికొనగోరెను, అంతియే. మా పట్టికలో ఆయన పేరు లేదు. వలను చూపితిమి. ఆయన వలను చూచి, మమ్ము చూచి, "మంచిది" అని వెడలిపోయెను. మరుసటి యేడు ఆ యూర మేమడిగినప్పుడు ఇచ్చినవారు మిక్కిలి కొద్దిమంది. 340 రూపాయలు మేము పూరింపగలిగితిమి. ఆ "మంచిది" అను మాటలో పోయినదానిని పూరింపలేకపోతిమి.

కావున ఈ నియమములను మీ గోడపై వ్రాసికొనుడు:

ఒకటి. ఎంత చిన్న మొత్తమునకైనను వరుససంఖ్య గల రసీదు వెంటనే ఇయ్యవలెను. దాని ప్రతి పుస్తకమున నిలువవలెను.

రెండు. వచ్చిన ధనము మరునాటిలోగా బ్యాంకులో చేరవలెను. తీయుటకు ఇద్దరి సంతకములుండవలెను, అందొకటి ఉపాధ్యాయునిది.

మూడు. వసూలు చేయువాడొకడు, ఖర్చు చేయువాడు వేఱొకడు, లెక్క వ్రాయువాడు మూడవవాడు కావలెను. ఇది స్నేహితులను అనుమానించుట కాదు. స్నేహమును అనుమానమునుండి కాపాడుట.

నాలుగు. నెలకొకమారు జమాఖర్చులు నోటీసు బోర్డుపై నుంచవలెను. సంవత్సరాంతమున ప్రతి దాతకును ఒక పుట లెక్క పంపవలెను.

ఐదు. పదవులు ఏటేట మాఱును, విద్యార్థులు వెడలిపోదురు. పాత కోశాధికారి క్రొత్తవానికి పుస్తకములను, వస్తువులను ఎంచి, వ్రాసి, అప్పగింపవలెను. విద్యార్థి సంఘములు పెక్కు ధనము లేక గాక, ఈ యప్పగింత లేక చెడుచున్నవి.

8. స్వీకరింపరాని ధనము

అన్ని ధనములును గ్రహింపదగినవి కావు. మద్యము, పొగాకు, జూదము వీనివలన లాభము పొందువారి ధనము పిల్లల చొక్కాలపై నెక్కరాదు. "మావాని నాయకునిగా చేసినచో నిత్తును" అను ధనమును వలదనవలెను. ఇయ్యనివారి పేర్లు చదివి సభలో చిన్నబుచ్చి రాబట్టు ధనమును వలదనవలెను. అడుగుట వేఱు, పీడించుట వేఱు. పది రూపాయలిచ్చినవానికిని పదివేలిచ్చినవానికిని ఒకే రసీదు, ఒకే వందనము.

తలిదండ్రులకొక మాట. పిల్లవాడు ఇట్టి సంఘమునకై మీ యొద్దకు వచ్చినప్పుడు, ధనమిచ్చినను ఇయ్యకున్నను, లెక్క చూపుమని అడుగుడు. అది వానికి మీరిచ్చు చందాలలో మొదటిది.

మా పూర్వవిద్యార్థికి ఈ సంగతులన్నియు వ్రాసి, మా యుపాధ్యాయులము కొందఱము కలిసి ఒక ముఖకవచమునకు చాలునంత మొత్తము పంపితిమి. పది దినములకు జాబు వచ్చెను. దానిలో మొదటి వరుససంఖ్య గల రసీదును, రెండు పంక్తులును ఉండెను: "ముఖకవచములు ఇప్పుడు నాలుగు. గోడ కానుకొని చూచువారము పదునాలుగురము." ఆ రసీదును మన పాఠశాల నోటీసు బోర్డుపై నంటించితిమి, చూడగోరువారు చూడవచ్చును.

అభ్యాసములు

1. 30 మంది సభ్యులు గల సంఘము ఆరుగురు చొప్పున ఆడినచో ఎన్ని వరుసలగును? జత 10,000 రూపాయలనుకొని, పరికరములకును, నాలుగవవంతు నిలువకును కావలసిన మొత్తమును కనుగొనుడు.

2. ముఖకవచము కత్తికంటె ముందేల కొనవలెను? 1982 నాటి సంగతిని చెప్పి సమాధానము వ్రాయుడు.

3. మీ యూరిలో నొక దాతకు, అతని యింటిభాషలో, ఒక పుట మించని విన్నపపత్రము వ్రాయుడు. పైని చెప్పిన నాలుగు సంగతులును అందుండవలెను.

4. చందా కట్టలేని సభ్యుని గౌరవమును సంఘ మెట్లు కాపాడవలెను? మీ యింటివారితో మాటలాడి, మీ యభిప్రాయమును వ్రాయుడు.